మామూలు వేరు, మర్యాద వేరు: గడపకొచ్చే కార్మికుల కోసం ఇంటివారు చేయగలిగినది

దసరాకు వారం ముందు నుంచే వరంగల్, హన్మకొండ, కాజీపేట కాలనీల్లో గేటు దగ్గర ఒక మాట వినిపిస్తుంది: "అమ్మా, దసరా మామూలు." చెత్త ఆటో డ్రైవరు, రోడ్డు ఊడ్చే అక్క, సిలిండర్ మోసే తమ్ముడు, కరెంటు హెల్పరు, వాచ్‌మన్ ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత, ఇవ్వకపోతే రేపటి నుంచి పని సరిగ్గా చేస్తారా, ఇది బహుమానమా లంచమా అని ఇళ్లలో ఏటా అదే చర్చ. కరీంనగర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా, జగిత్యాలలోనైనా ఇందులో తేడా ఉండదు.

ఆ చర్చంతా పండుగ పూట చేతిలో పెట్టే యాభై, వంద రూపాయల చుట్టే తిరుగుతుంది. మిగిలిన ఏడాది పొడుగునా ఆ మనుషుల పని ఎలా సాగుతోంది, అందులో ఇంటివారి వల్ల పెరుగుతున్న బరువెంత, ఇంటివారు తలచుకుంటే తగ్గే బరువెంత అన్న లెక్క మాత్రం ఎవరూ వేయరు. ఈ వ్యాసం వేసేది ఆ లెక్కే.

క్లుప్తంగా

పండుగ మామూలు పాత గ్రామ వ్యవస్థలోని 'మేర' (పనికి ప్రతిగా కొలిచి ఇచ్చే ధాన్యం) నుంచి దిగి వచ్చిన ఆచారం. అది జీతానికి బదులు కాదు, అడిగి గుంజేది అసలే కాదు. కార్మికులకు రోజువారీగా ఎక్కువ మేలు చేసేవి నాలుగు: అన్న, అక్క అని వరుస పెట్టి పిలవడం, పనిలో నిమిషాలూ కిలోలూ తగ్గించడం, ఎండలో నీళ్లతో పాటు మరుగుదొడ్డి ఇవ్వడం, మంచి పనిని పైవాళ్లకు రాతలో తెలపడం. వీటికి దాదాపు ఖర్చే లేదు.

మామూలు ఎక్కడి నుంచి వచ్చింది

'మామూలు' అంటే వాడుక ప్రకారం జరిగేది. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. అయితే ఆ ఆచారం మాట కంటే పాతది. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి ఏడాదంతా ఊరికి పనిచేస్తే, కోతలయ్యాక కళ్లం దగ్గర ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దాన్నే మేర అన్నారు. పండుగ పూట బువ్వ, పాత బట్టలు దానికి అదనం. మేర హక్కే, కానీ ఎంత కొలవాలన్నది ఇచ్చేవాడి చేతిలో ఉండేది. చాలదని అడిగే చోటు పుచ్చుకునేవాడికి లేదు.

తెలంగాణలో దీని పక్కనే వెట్టి నడిచింది. దొర కబురు పెడితే కూలి లేకుండా పోయి చేయాల్సిందే. "నీ బాంచెన్, కాల్మొక్త" అన్నది ఆ కాలపు పలకరింపు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో వెట్టి రద్దు ముఖ్యమైన డిమాండు. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న పొలం మీద పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌ మనుషులకు దక్కనివ్వని చాకలి ఐలమ్మ ఇంటి వృత్తి బట్టలుతకడం. ఊరికి సేవ చేసే కులాల మనుషులు హక్కుతో మాట్లాడటం ఈ నేల మీద పోరాడి తెచ్చుకున్నది. గేటు దగ్గర నిలబడ్డ కార్మికుణ్ని ఎలా పిలుస్తున్నామన్నది చిన్న విషయంగా కొట్టేయలేనిది అందుకే.

ఇప్పుడు 'మామూలు' అన్న ఒక్క మాట మూడు పనులు చేస్తోంది. ఏడాదికోసారి ఇష్టంగా ఇచ్చే పండుగ కానుక మొదటిది. బిల్లు మీద అడిగే పైడబ్బు రెండోది. పత్రికల్లో 'మామూళ్లు' అని రాసే లంచం మూడోది. గందరగోళమంతా ఈ మూడూ కలిసిపోవడం వల్ల వచ్చిందే. తేడా పట్టుకోవడానికి ఒక్కటే చూడాలి: డబ్బు ఇవ్వకపోతే పని ఆగుతుందా? ఆగదంటే అది కానుక. ఆగుతుందని ముందే చెప్పి అడిగితే, అడిగేది ప్రభుత్వ ఉద్యోగైతే, అది అవినీతి నిరోధక చట్టం కిందికి వస్తుంది. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవారూ నేరస్తులే. బలవంతం మీద ఇచ్చామని 7 రోజుల్లోపు ఫిర్యాదు చేసినవారికి మాత్రం మినహాయింపు ఉంది.

'థాంక్స్' లేని భాషలో కృతజ్ఞత

మనవాళ్లు థాంక్స్ చెప్పరు, మర్యాద తెలియదు అన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. ఎనిమిది భాషల్లో రోజువారీ సంభాషణలను రికార్డు చేసి, 2018లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. ఇంటివాళ్లు, స్నేహితులు, ఇరుగుపొరుగు ఒకరికొకరు సాయం చేసుకున్నప్పుడు కృతజ్ఞత మాటల్లో చెప్పింది సగటున ఇరవైలో ఒక్కసారి. ఇంగ్లిష్ వాళ్లు కొంత ఎక్కువగా చెప్పారు, కొన్ని భాషల్లో అసలు దానికి మాటే లేదు. అడిగితే చేసిపెట్టడం సహజమనుకునే చోట ప్రతిసారీ మాట అవసరం పడదన్నమాట. ఆ పరిశోధనలో తెలుగు లేదు. అయినా తెలుగువారికి ఈ ఫలితం కొత్తగా అనిపించదు.

'ధన్యవాదాలు' వేదిక మీది మాట. చెత్త ఆటో దగ్గర అంటే ఇద్దరికీ ఎబ్బెట్టుగా ఉంటుంది. ఉత్తర తెలంగాణలో ఆ పని చేసేవి వేరే ఉన్నాయి. పెద్దవాళ్లయితే "సల్లగుండు బిడ్డా" అంటారు. ఈడువాళ్లయితే "తిన్నవా అన్నా?", "జెరసేపు కూసో", "చాయ తాగి పో" అంటారు. పనిని మెచ్చుకోవాలంటే "మంచిగ జేసినవ్" చాలు. దీవెన, ఆరా, మెప్పు: ఈ మూడింటి మీదే ఇక్కడి కృతజ్ఞత నడుస్తుంది.

పిలుపు సంగతి ఇంకా ముఖ్యం. కోస్తా వైపు మర్యాద 'మీరు'లో ఉంటుంది. ఇక్కడ 'నువ్వు' అన్నంత మాత్రాన అవమానం కాదు. మర్యాదంతా వరుసలో ఉంటుంది. "అన్నా, నువ్వు రేపు వస్తవా?" అన్నది గౌరవమే. "ఏయ్ చెత్తా", "ఓ గ్యాసూ", "స్విగ్గీ, ఇటు రా" అన్నవి మనిషిని పని పేరుతోనో కంపెనీ పేరుతోనో పిలవడం. వరుస తీసేస్తే మిగిలేది పాత దొర గొంతే. పిల్లలు ఈ పిలుపులను ఇంట్లో విని నేర్చుకుంటారు. అరవై ఏళ్ల సఫాయి కార్మికురాలిని పదేళ్ల పిల్లాడు "ఏయ్" అని పిలిస్తే, అది ఆ ఇంటి పెద్దల గొంతే. పేరు తెలిస్తే పేరుకు అన్న, అక్క చేర్చి పిలవడం మరీ మంచిది. ఆటోతో వచ్చే ఇద్దరి పేర్లు తెలుసుకోవడానికి ఒక్క ఉదయం చాలు.

చెత్త ఆటో దగ్గర పోయే సమయం

వరంగల్ మహానగర పాలక సంస్థ పరిధిలో 66 డివిజన్లున్నాయి. ఇంటింటి చెత్త సేకరణలో ఈ నగరానికి పాత పేరే ఉంది. 2012 అక్టోబరులో ఇక్కడ జరిగిన క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్‌లో తడి, పొడి వేరు చేసి ఇంటి దగ్గరే తీసుకోవడాన్ని నగరమంతా చేసి చూపారు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు దేశమంతటా ఆ బాధ్యతను ఇంటివారి మీదే పెట్టాయి: తడి, పొడి, ఇళ్లలోని ప్రమాదకర చెత్త మూడూ వేరుగా ఇవ్వాలన్నాయి.

ఇంట్లో వేరు చేయకపోతే ఆ పని ఆగిపోదు. ఆటో వెనక నిలబడ్డ మనిషి చేతుల్లోకి వెళ్తుంది. ఒక ఆటో వాటాకు 500 ఇళ్లున్నాయనుకుందాం. ఇంటికి 20 సెకన్లు అదనంగా పడితే 10,000 సెకన్లు, అంటే 2 గంటల 46 నిమిషాలు. తెల్లవారుజామున మొదలైన పని ఎండెక్కే వేళకు ముగియకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆలస్యమైందని ఆటో మీద అరిచే చివరి వీధి వారికి ఈ లెక్క కనిపించదు.

ఆటో వెనక జరిగేది దగ్గరగా చూస్తే ఇంకా తెలుస్తుంది. ముడివేసిన నల్ల కవరు చేతికొస్తుంది. ముడి విప్పే తీరిక ఉండదు, గోటితో చించాలి. లోపల నిన్నటి పప్పు, మొన్నటి అన్నం, టమాటా తొక్కలు పులిసి నీరు కారుతుంటాయి. ఆ నీరు మోచేతి దాకా జారుతుంది. చేతి తొడుగు ఉన్నా తడిస్తే లోపలికి చేరి చర్మం ఒరుస్తుంది. అందుకే చాలామంది తొడుగులు తీసి పక్కన పెడతారు. తొడుగు వేసుకోలేదని తప్పుపట్టే ముందు ఆ తడి ఎక్కడిదో చూడాలి.

తడి చెత్తను కవరులో కట్టకూడదు. బకెట్ అడుగున రెండు పొరల పాత పేపరు వేసి, కూరల రసం, మజ్జిగ లాంటివి సింకులో వంచేసి, గట్టిది మాత్రమే బకెట్‌లో వేయాలి. బకెట్ బోర్లిస్తే పేపరుతో సహా ఒక్క దెబ్బకు పడిపోతుంది. రోజు విడిచి రోజు ఆటో వచ్చే చోట మూత ఉన్న బకెట్ వాడితే పురుగులు పట్టవు. కొబ్బరి బోండాలు పొడి బుట్టలో వేయకుండా విడిగా పెడితే మోయడం సులువు. ఇంటి మరమ్మతుల పెళ్లలు, సిమెంటు ముక్కలు చెత్త ఆటోకు ఇవ్వకూడదు. వాటికి 2016లోనే వేరే నిబంధనలు వచ్చాయి. ఒక బకెట్ పెళ్లలు ఇరవై కిలోలు దాటుతాయి, ఆటో తొట్టిలో ఎత్తి వేసేవాళ్ల నడుము పట్టేస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చేది సూది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు దాదాపు ప్రతి వీధిలో ఉన్నారు. వాడిన సూదులు మామూలు చెత్తలో పడితే కవరు చించే వేలికి గుచ్చుకుంటాయి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. ఆ జబ్బు ఉన్న మనిషికి వాడిన సూది టీకా లేని మనిషికి గుచ్చుకుంటే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్‌ఐవీకి అది 0.3 శాతం. సూదిని తిరిగి మూతలోకి దూర్చబోతే ఇంటివారి వేలికే గుచ్చుకుంటుంది. వాడగానే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో, అంటే ఫినాయిలో, బట్టలుతికే లిక్విడో వచ్చిన మరమూత డబ్బాలో వేయాలి. ముప్పాతిక నిండాక మూత బిగించి, టేపు చుట్టి, పైన 'సూదులు' అని పెద్దగా రాసి విడిగా చేతికివ్వాలి. పల్చటి నీళ్ల సీసా పనికిరాదు, సూది దాన్ని పొడుచుకుని బయటికొస్తుంది.

పగిలిన గాజును నాలుగైదు పొరల పేపరులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఇచ్చేటప్పుడు నోటితో చెప్పాలి: "అక్కా, గాజున్నది, పైలం." బ్లేడ్లకూ ఇదే పద్ధతి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపరులో చుట్టి దాని మీద ఎర్ర పెన్నుతో గీత పెడితే వాటిని విప్పి చూడాల్సిన అవసరం ఉండదు. డైపర్‌లోని మలాన్ని ముందే మరుగుదొడ్లో దులిపేయాలి.

ఇక రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం ఎంత డబ్బిచ్చినా నేరమే, 2013 నాటి పాకీ పని నిషేధ చట్టం దాన్ని స్పష్టంగా నిషేధించింది. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసనేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది, మనిషి గ్యాస్ పోయిందనుకుంటాడు. కుప్పకూలినవాణ్ని కాపాడబోయి రెండోవాడూ చనిపోవడం ఈ ప్రమాదాల్లో పదేపదే జరిగేది. మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. వరంగల్‌లో 2016 నుంచే మల వ్యర్థాల నిర్వహణకు నిబంధనలున్నాయి, అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం ఉంది. యంత్రం ఉన్న ట్యాంకరును పిలవడమే దారి.

మూడో అంతస్తుకు ముప్పై కిలోలు

వంటగ్యాస్ సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ సిలిండరే 15 నుంచి 17 కిలోలు. కలిపితే 30 కిలోలు దాటొచ్చు. లిఫ్టు లేని మూడో అంతస్తుకు అరవై మెట్లు. ఒక భుజం మీద ముప్పై కిలోలతో ఎక్కి, ఖాళీది భుజానికెత్తుకుని దిగాలి. మలుపు దగ్గర చెప్పుల స్టాండు, పూలకుండీ, పిల్లల సైకిల్ ఉంటే భుజం మార్చుకునే చోటుండదు. మనిషి గోడకు ఆనుకుని నడుమును ఒక పక్కకు తిప్పి దాటాలి. నడుము పట్టేసేది సరిగ్గా అక్కడే.

ఇంటివారు చేయగలిగింది తేలికే. ఫోన్ రాగానే మెట్ల మలుపులు ఖాళీ చేయాలి. ఖాళీ సిలిండర్‌ను రెగ్యులేటర్ విప్పి, మూత బిగించి, గడప దగ్గర పెట్టుకోవాలి. వంట మధ్యలో ఉన్నామంటూ అతన్ని పది నిమిషాలు నిలబెడితే మిగిలిన ఇళ్లన్నీ వెనకబడతాయి. డెలివరీ కోడ్ ఫోన్‌లో తెరిచి, డబ్బు చిల్లరతో సిద్ధంగా ఉంచాలి. అన్నిటికంటే ముందు గ్లాసుడు నీళ్లు.

సీలు చూడటం, తూకం వేయమనడం, వాల్వు దగ్గర లీకు చూడమనడం అనుమానించినట్టవుతుందని కొందరు మొహమాటపడతారు. ఆ మొహమాటం అక్కర్లేదు. అవి అతని డ్యూటీలో భాగమే. సిలిండర్ మీద రాసి ఉన్న ఖాళీ బరువుకు 14.2 కలిపితే కాటా మీద కనిపించాల్సిన అంకె వస్తుంది. "అన్నా, ఒకసారి తూకం చూద్దాం" అని వరుస పెట్టి అడిగితే ఎవరూ నొచ్చుకోరు. గ్యాస్ వాసన వస్తే 1906కు ఫోన్ చేయాలి.

రసీదు మీద ఉన్న ధరలో ఇంటి దాకా తెచ్చే ఖర్చు కలిసే ఉంటుంది. డీలరుకు కంపెనీ ఇచ్చే కమీషన్‌లో డెలివరీ ఖర్చు ఒక భాగం. అందువల్ల పైన ముప్పయ్యో యాభయ్యో అడగడం సరైంది కాదు, కాదనే హక్కు ఇంటివారికుంది. కానీ ఆ కోపం చూపాల్సింది మోసే మనిషి మీద కాదు. అతనికి డీలరు సరిగ్గా ఇస్తే చేయి చాపాల్సిన పని పడదు. మూడో అంతస్తు ఎక్కినందుకు ఇష్టంగా ఇచ్చేది ఇస్తూనే, బలవంతపు వసూలు మీద డీలరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. రెండూ ఒకేసారి చేయదగినవే.

డోర్ నంబరు దారి చూపదు

హన్మకొండలో డోర్ నంబరు మూడు అంకెల ముక్కలుగా ఉంటుంది: వార్డు, బ్లాకు, ఇల్లు. ఇళ్లు కట్టుకుంటూ పోయిన కొద్దీ గీతల పక్కన అదనపు అంకెలు, అక్షరాలు చేరాయి. పక్కపక్క నంబర్లు పక్కపక్కనే ఉంటాయన్న నమ్మకం లేదు. డెలివరీ చేసేవారికి మ్యాప్‌లోని గుర్తే ఆధారం. ఆ గుర్తు యాభై మీటర్లు అటైతే వెనక వీధిలోకి తీసుకుపోతుంది. నయీంనగర్, కిషన్‌పుర సందుల్లో వెనక వీధి నుంచి ముందు వీధికి రావాలంటే చుట్టు తిరగాల్సిందే.

ఆర్డరుకు ఇంత, కిలోమీటరుకు ఇంత అన్న లెక్కన డబ్బు వచ్చే మనిషికి ఇల్లు వెతికే పది నిమిషాలు దాదాపు ఉచిత పనే. కాబట్టి ఒక్కసారి మేడ మీద కాకుండా గేటు దగ్గర నిలబడి మ్యాప్‌లో గుర్తు సరిచేయాలి. చిరునామాలో రెండు ఆనవాళ్లు రాయాలి: మెయిన్ రోడ్డు మీదిది ఒకటి, సందు లోపలిది ఒకటి. "వడ్డేపల్లి చెరువు కట్ట దిగి, రెండో ఎడమ సందు, నీలం గేటు" అన్నట్టు. ఫోన్ మోగితే ఎత్తాలి. రాత్రయితే గేటు లైటు వేయాలి. కుక్క ఉంటే ముందే చెప్పి కట్టేయాలి.

అపార్ట్‌మెంట్లలో 'డెలివరీ వారికి లిఫ్టు లేదు' అన్న బోర్డులు కనిపిస్తాయి. లిఫ్టు పాడవుతుందన్నది చెప్పే కారణం. అరవై ఐదు కిలోల మనిషి, మూడు కిలోల సంచి లిఫ్టుకు భారం కాదు. దాని వెనక ఉన్నది మనిషిని తక్కువ చేయడమే, ఆ బోర్డు తీసేయించడం సొసైటీ మీటింగులో ఒక్క తీర్మానంతో అయ్యే పని.

కుండపోత వాన రోజు ఆర్డరు పెట్టకపోవడమే మేలు. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగినప్పుడు రోడ్డెక్కడుందో, నాలా ఎక్కడుందో తెలియని పరిస్థితి. మోకాలి లోతు నీళ్లలో మ్యాన్‌హోల్ కనపడదు.

బస్సులో పది సెకన్లు

2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ కండక్టరు పని మారింది. డబ్బు తీసుకోకపోయినా ప్రతి మహిళకూ జీరో టికెట్ కొట్టాలి. ప్రభుత్వం నుంచి సంస్థకు రావాల్సింది ఆ టికెట్ల లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. టికెట్ లేకుండా ఎవరైనా దొరికితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది కండక్టరు. పరకాల, నర్సంపేట బస్సులో అరవై మంది ఉంటే, ఒక్కొక్కరు సంచిలో ఆధార్ కార్డు వెతుక్కోవడానికి పది సెకన్లు తీసుకున్నా పది నిమిషాలు పోతాయి. ఆలోగా నాలుగు స్టాపులు దాటిపోతాయి. ఎక్కకముందే కార్డు చేతిలో పట్టుకోవడం, ఊరి పేరు గట్టిగా చెప్పడం, టికెట్ కొనేవాళ్లు చిల్లర ఇవ్వడం: ఇక్కడ మర్యాదంటే ఇంతే.

ఎండలో నీళ్లు, ఆ తర్వాతి సంగతి

మే నెలలో రామగుండం నుంచి వరంగల్ దాకా 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. ఎండలో పనిచేసేవారు 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగాలని వృత్తి ఆరోగ్య నిపుణుల సూచన. దాహమయ్యాక ఒకేసారి సీసా ఎత్తి తాగడం దానికి సరిపోదు. చలివేంద్రం పెట్టడం మనకు పాత అలవాటే. అయితే చలివేంద్రం చౌరస్తాలో ఉంటుంది, కార్మికులు సందుల్లో ఉంటారు. గేటు పక్కన నీడలో ఒక రంజన్ (నీళ్ల మట్టికుండ), దానికి మూత, ముంచడానికి పొడవు కాడ గరిటె, తాగడానికి స్టీలు గ్లాసు ఉంటే చాలు. రంజన్‌ను రెండు రోజులకోసారి కడిగి నీళ్లు మార్చాలి, లేదంటే అడుగున పాకుడు పడుతుంది, దోమలు గుడ్లు పెడతాయి.

ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ అయినా, అంబలి అయినా ఉత్తి నీళ్లకంటే మేలు. ఓఆర్‌ఎస్ ఇస్తే 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని సరిగ్గా 1 లీటరు నీళ్లలో కలపాలి. ప్యాకెట్ సగం ఒక గ్లాసులో వేసి ఇవ్వడం తరచూ జరిగే తప్పు. అప్పుడు ఉప్పు ఎక్కువై ఒంటికి మేలు బదులు కీడు జరుగుతుంది. కలిపినదాన్ని 24 గంటల తర్వాత పారబోయాలి. ఇంట్లో చేసుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తలగొట్టిన 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. దుకాణంలో అట్టపెట్టెల్లో దొరికిన తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, వాటి మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. మనిషి తికమకగా మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లంతా చల్లబరుస్తూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

దీనికి రెండో సగం ఉంది, దాన్ని చాలామంది మరచిపోతారు. రోడ్లు ఊడ్చే అక్కలు నీళ్లు ఇచ్చినా తాగరు. వద్దంటారు. కారణం దాహం లేక కాదు, వెళ్లడానికి చోటు లేక. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఆపుకుంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు తప్పవు. బయట మరుగుదొడ్డి ఉన్న ఇల్లు, అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ వాడే దొడ్డి ఉన్నచోట "అక్కా, అవసరమైతే ఇది వాడుకో" అని నోటితో చెప్పాలి. చెప్పకుండా ఎవరూ అడగరు.

గ్లాసు గురించి కూడా ఒక మాట. తెలంగాణ పల్లెల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎందుకు ఉండేదో అందరికీ తెలుసు. రాజ్యాంగంలోని 17వ అధికరణం, 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం దాన్ని నేరం చేశాయి. ఇంటివాళ్లంతా స్టీలు గ్లాసుల్లో తాగుతూ, పనిచేసేవారికి మాత్రం విడిగా దాచిన ప్లాస్టిక్ గ్లాసులో ఇస్తే, అది ఏమిటో పుచ్చుకునేవారికి వెంటనే అర్థమవుతుంది. చాయ ఎంత తియ్యగా ఉన్నా దిగదు.

టిప్పు జీతం కాకూడదు

హోటల్లో, డెలివరీలో ఇచ్చే చిన్న మొత్తం మంచిదే. అది జీతంలో భాగంగా మారితే ఏమవుతుందో అమెరికాలో కనిపిస్తుంది. అక్కడ సమాఖ్య కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. టిప్పులు పొందేవారికి మాత్రం యజమాని నేరుగా 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఆ అంకె 1991 నుంచి కదల్లేదు. టిప్పుతో కలిపినా 7.25కు చేరకపోతే మిగతాది యజమాని కట్టాలని చట్టం అంటుంది, కానీ కడుపు నింపే భారం చాలావరకు వచ్చిపోయేవారి మీదికి జరిగింది. జపాన్‌లో టిప్పు అలవాటే లేదు, పని విలువ ధరలోనే ఉంటుంది.

మన దగ్గర బిల్లులో 'సర్వీస్ ఛార్జీ' అని వేస్తే అది కార్మికులకే పోతుందన్న హామీ లేదు. దాన్ని హోటళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడగొచ్చు, వినకపోతే 1915కు ఫిర్యాదు చేయొచ్చు. అలా మిగిలిన డబ్బును వడ్డించిన మనిషి చేతికే ఇవ్వడం మేలు.

యాప్ కార్మికుల విషయంలో 2020 సామాజిక భద్రతా కోడ్ మొదటిసారి వారిని చట్టంలోకి తెచ్చింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలి, అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం దాటకూడదు. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. టిప్పు ఇవ్వడం ఇలాంటి హక్కులకు ప్రత్యామ్నాయమైతే, కార్మికుడు మళ్లీ కళ్లం దగ్గర మేర కోసం నిలబడ్డట్టే.

మెచ్చుకోలు రాతలో ఉంటే

కోపం వస్తే ఫిర్యాదు రాస్తాం. మంచి పనికి రాయం. కృతజ్ఞతతో ఉత్తరం రాసినవారిపై 2018లో వచ్చిన ఒక మనోవిజ్ఞాన అధ్యయనం ప్రకారం, అందుకున్నవారు ఎంత సంతోషిస్తారో రాసినవారు తక్కువగా అంచనా వేశారు, వారికి ఎంత ఇబ్బందిగా ఉంటుందోనన్నది ఎక్కువగా ఊహించుకున్నారు. మొహమాటం మన ఊహలోనే ఎక్కువ.

ఔట్‌సోర్సింగ్ కార్మికులకు రాత మరీ అవసరం. వారి పని గురించి పైకి వెళ్లేవి ఫిర్యాదులే. ఉత్తరంలో నాలుగు ఉండాలి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారు. ఆర్టీసీ అయితే బస్సు నంబరు, తేదీ, సమయం, టికెట్ ఫొటోతో డిపో మేనేజరుకు రాయాలి. సఫాయి కార్మికులైతే డివిజన్, వీధి చెప్పి వారి పని చూసే జవానుకూ, శానిటరీ ఇన్‌స్పెక్టరుకూ ఇవ్వాలి, ఒక ప్రతి ఆ కార్మికురాలి చేతికీ ఇవ్వాలి. 'చాలా బాగా చేస్తారు' అని రాస్తే ఉపయోగం లేదు. 'వాన పడ్డ రోజు మోరీకి అడ్డుపడ్డ కవర్లు తీసి నీళ్లు ఇళ్లలోకి రాకుండా చూశారు' అని రాస్తే అది రికార్డు అవుతుంది. వారి ఫొటో, వీడియో మాత్రం అడగకుండా తీయకూడదు. చెత్తలో నిలబడ్డ తన బొమ్మ బిడ్డల క్లాసులో తిరగాలని ఏ తల్లీ కోరుకోదు.

దసరా నాడు

మామూలు ఇవ్వదలచినవారు పండుగకు ముందే ఇవ్వాలి. కొత్త బట్టలు, మాంసం, బిడ్డను పుట్టింటికి పిలవడం అన్నీ పండుగ లోపు ఖర్చులు. ఆటోతో ఇద్దరొస్తే ఇద్దరికీ విడిగా, సమానంగా, చేతికే ఇవ్వాలి. డ్రైవరుకిచ్చి పంచుకోమంటే వెనక నిలబడే అక్కకు తక్కువ దక్కే అవకాశముంది. నిన్న మిగిలిన కూర, చిరిగిన చీర పండుగ కానుక కావు. పాత బట్టలు ఇవ్వాలనుకుంటే ఉతికి, మడతపెట్టి, "పనికొస్తయా అక్కా?" అని అడిగి, వేరే రోజు ఇవ్వాలి.

ఆ సాయంత్రం జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడం తెలంగాణ పద్ధతి. జమ్మి పెట్టేటప్పుడు ఈడు చూస్తారు, జీతం చూడరు. పెద్దవాళ్లయితే కాళ్లు మొక్కుతారు, ఈడువాళ్లయితే గుండెకు హత్తుకుంటారు. పండుగ పూట సఫాయి కార్మికులకు తీరిక ఉండదు. సద్దుల బతుకమ్మ ముగిశాక పద్మాక్షి గుట్ట దగ్గర పూలు ఎత్తేదీ, జమ్మి పూజలు ముగిశాక మైదానాలు ఊడ్చేదీ వారే. మర్నాడు పొద్దున మళ్లీ ఆటో వస్తుంది. జమ్మి రెమ్మ అప్పటికి వాడిపోదు. ఒకటి గేటు దగ్గర తీసి పెట్టుకుంటే, బకెట్ ఇచ్చేటప్పుడు చేతికందుతుంది.